గుమ్మంలో నిలబడ్డ పిల్లలు



ఒక పిల్లవాడి మాట పూర్తి కాకముందే అతని ముఖం మీద తలుపు వేసేశాను. ముందు ఆ సంగతి ఒప్పుకుని, తర్వాత మిగతాది రాస్తాను.

అక్టోబరు నెల, మంగళవారం. అసర్ నమాజ్ చదువుకుని ఇంటికొచ్చి చొక్కా విప్పుతున్నాను, బెల్లు మోగింది. గుమ్మంలో ఇద్దరు కుర్రాళ్ళు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడలో టై. మా ఎలమంచిలి ఉక్కపోతలో టై కట్టుకుని తిరిగేది మెడికల్ రెప్పులూ, కాన్వెంట్ పిల్లలే. వీళ్ళు ఇద్దరూ కాదు. జేబు మీద నల్ల బ్యాడ్జి, దాని మీద తెల్లక్షరాల్లో ఏసుక్రీస్తు పేరు. అది కనపడగానే నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను.

"నమస్తే సర్, ఈ వీధిలో..." అన్నాడు ముందున్న అబ్బాయి.

"మేం ముసల్మాన్లం బాబూ. ఇక్కడ మీకు పని లేదు" అని తలుపు మూసేశాను.

కిటికీ దగ్గర మా బీబీ నిలబడి ఉంది. "వాళ్ళు మీకేం చెప్పడానికి రాలేదు జీ. ఎదురింటి మేడ మీద కాలు విరిగిన అబ్బాయి కోసం వచ్చారు. అడ్రస్ అడుగుతున్నారు" అంది. తర్వాత ఆమే బయటికి వెళ్ళి మేడ మెట్లు చూపించి వచ్చింది. లోపలికొస్తూ, నా వైపు చూడకుండా, "మన బచ్చా ఇప్పుడు ఎవరి గుమ్మంలో నిలబడ్డాడో" అంది.

ఆ మాట ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా అబ్బాయికి 21 ఏళ్ళు. బీటెక్ అయింది. ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. అదే వారం మా మస్జిద్ నుంచి జమాత్ బయల్దేరుతోంది, 40 రోజుల చిల్లా. ఇంటర్వ్యూ వదిలేసి జమాత్‌తో వెళ్తానన్నాడు. నేను వద్దన్నాను. తల్లిదండ్రుల హఖ్ కూడా దీన్‌లో భాగమే కదా అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు, అలాగని మానుకోలేదు. మూడో రోజు "నీ ఇష్టం" అన్నాను. అది ఇజాజత్ కాదు, కోపం. వాడు దాన్నే ఇజాజత్ అనుకుని బిస్తర్ కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వాడి ఫోను నేను ఎత్తడం లేదు. వాళ్ళమ్మ మాట్లాడుతుంది. నేను పక్క గదిలో పేపరు పట్టుకుని కూర్చుని అంతా వింటాను.

బుధవారం ఇషా తర్వాత ఫోనొచ్చింది. జమాత్ ఆదోనిలో ఉందట. బీబీ కావాలనే స్పీకర్ పెట్టింది. వాడు నవ్వుతూ చెబుతున్నాడు. "అమ్మీ, ఈ రోజు గష్త్‌లో ఒక ఇంటికెళ్తే చిన్న బాబు బయటికొచ్చాడు. 'అబ్బా ఘర్ మే నై బోల్కే బోలో బోలే' అన్నాడు. లోపల అబ్బా దగ్గుతున్నాడు కూడా!"

వాళ్ళమ్మ పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ పేపరు అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి వాడి గొంతు తగ్గింది. "అబ్బా ఉన్నారా?"

ఆమె గుమ్మంలోంచి నన్ను చూసింది. నేను లేనని చెయ్యి ఊపాను.

"అబ్బా ఇంట్లో లేరు బేటా" అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆదోనిలో ఆ చిన్న బాబు చెప్పిన మాటే మా ఇంట్లో ఆమె చేత చెప్పించాను. అక్కడ దగ్గినవాడికి కనీసం వచ్చినవాళ్ళు పరాయివాళ్ళు.

గురువారం మధ్యాహ్నం నుంచి ముసురు. మగ్రిబ్ వేళకి కుండపోత అయింది. కరెంటు పోయింది. నమాజ్ అయ్యాక చూస్తే, మా వసారా చూరు కింద ఆ ఇద్దరే. ఎదురింటి వాళ్ళు ఆ కాలు విరిగినాయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, మేడకి తాళం. వీళ్ళు పుస్తకాల సంచీని పొట్టకి హత్తుకుని, గోడకి అంటుకుపోయి తడుస్తున్నారు. బెల్లు మాత్రం కొట్టలేదు. మంగళవారం కొట్టి చూశారు కదా.

"అరె, బచ్చే భీగ్ రై జీ, అందర్ బులావో" అంది బీబీ. నేనే వెళ్ళి తలుపు తీశాను. బూట్లు బయట విప్పి, తడి సాక్సుల గుర్తులు పడతాయని మునివేళ్ళ మీద నడిచి లోపలికొచ్చారు.

ముందు చాయ్ తెచ్చింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. "ఆంటీ, ఏమీ అనుకోవద్దు, మేం టీ తాగం" అన్నాడు తెలుగబ్బాయి. ముసల్మాన్ల ఇంట్లో తాగరేమో అని నాకు చిరాకేసింది. తర్వాత తెలిసింది, వాళ్ళ మతంలో టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషేధం. 1833 నుంచీ ఉన్న నియమమట. బీబీకి అది కోపం కంటే దిగులు తెప్పించింది. "చాయ్ భీ నక్కో? ఫిర్ పీతే క్యా బచ్చే?" అంటూ వేడి పాలలో అనకాపల్లి బెల్లం వేసి తెచ్చింది. అవి గటగటా తాగేశారు.

తెలుగబ్బాయిది హైదరాబాద్, 20 ఏళ్ళు. రెండోవాడు కోయంబత్తూరు వాడు, 19. ఇద్దరి బ్యాడ్జీల మీదా 'ఎల్డర్' అని, పక్కన ఇంటిపేరు. ఎల్డర్ అంటే పెద్ద అని కదా, మీసాలు సరిగ్గా రాని పెద్దలు వీళ్ళు అనుకుని నవ్వుకున్నాను. అసలు పేరు అడిగితే సిగ్గుపడ్డాడు. "ఈ రెండేళ్ళూ ఎవరూ పేరుతో పిలవరంకుల్. తనూ నేనూ కూడా ఎల్డర్ అనే పిలుచుకుంటాం."

వీళ్ళని లోకం మోర్మన్లు అంటుంది. అమెరికాలో 1830లో జోసెఫ్ స్మిత్ అనే ఆయన మొదలుపెట్టిన సంఘం. మన తెలుగునాట ఇది కొత్తేం కాదు. 1978లో ఎడ్విన్ ధర్మరాజు అనే తెలుగాయన, ఆయన భార్య సమోవా దీవుల నుంచి హైదరాబాద్ వచ్చి తమ చుట్టాలకే మొదట చెప్పారు. అలా పాకింది. 2012లో, ఇండియా మొత్తం మీద వాళ్ళ మొదటి 'స్టేక్' హైదరాబాద్‌లోనే ఏర్పడింది. స్టేక్ అంటే కొన్ని చర్చీలను కలిపి ఒక పెద్ద కిందకి తెచ్చే ఏర్పాటు. విశాఖలో కూడా వాళ్ళ జనం ఉన్నారు. వాళ్ళ కుర్రాళ్ళు 18 దాటాక రెండేళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర ఇలా ఇల్లు వదిలి వెళ్తారు. తప్పనిసరి అని కాదు గానీ, మగపిల్లలు వెళ్ళాలని అందరూ ఎదురుచూస్తారు. జీతం లేదు. ఖర్చు తామో, ఇంటివాళ్ళో, సంఘంలో వాళ్ళో పెట్టుకోవాలి.

వాన తగ్గేలా లేదు. వారమంతా ఏం చేస్తారని అడిగాను.

పొద్దున ఆరున్నరకి లేస్తారు. కాసేపు కసరత్తు, తర్వాత దుఆ, పుస్తకం. ఇద్దరూ కలిసి కూర్చుని ఆ రోజు ఎక్కడికెళ్ళాలి, ఎవరితో మాట్లాడాలి అని అనుకుంటారు. ఇక రోజంతా తిరుగుడే. జబ్బుపడ్డ వాళ్ళని చూడటం, సంఘంలో వాళ్ళ పనుల్లో సాయం, వింటామన్న వాళ్ళకి చెప్పటం. రాత్రి తొమ్మిదికల్లా గూటికి చేరాలి, పదిన్నరకి దీపం ఆర్పాలి. ఒకరిని వదిలి ఒకరు ఎక్కడికీ వెళ్ళకూడదు. సినిమాల్లేవు, ఆడపిల్లలతో తిరగడం లేదు. ఆరు వారాలకోసారి బదిలీలు చెబుతారు. అప్పుడు జోడీ మారొచ్చు, ఊరూ మారొచ్చు. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం, ఆ రెండు పూటల తిండి డబ్బు పేదలకి. సోమవారం ఒక్కటే కాస్త సెలవు. బట్టలుతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోను.

నేను వింటున్నాను, నా మనసు మాత్రం ఆదోనిలో ఉంది. ఫజర్ తర్వాత మష్వరా, ఈ రోజు వంట ఎవరిది, గష్త్‌లో రహ్బర్ ఎవరు, ముతకల్లిమ్ ఎవరు అని. పొద్దున తాలీమ్, అసర్ తర్వాత గష్త్, మగ్రిబ్ తర్వాత బయాన్, రాత్రి మస్జిద్‌లోనే పడక. ఎవరి ఖర్చు వాళ్ళదే. వాళ్ళ ఆరు వారాలంటే 42 రోజులు. మన చిల్లాకి రెండు రోజులే ఎక్కువ.

రెండూ ఒకటే అని నేను అనడం లేదు. 1920లలో మౌలానా ఇల్యాస్ సాబ్ మేవాత్‌లో మొదలుపెట్టిన ఈ పని ముసల్మాన్‌కి కల్మా, నమాజ్ గుర్తుచేయడం కోసం. మన జమాత్ మన తలుపులే కొడుతుంది. వీళ్ళు ఇతరులని తమలోకి పిలుస్తారు. అంతకంటే పెద్ద తేడా అఖీదాది. నుబువ్వత్ మన హజ్రత్ ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లంతో ముగిసింది. ఆ తర్వాత అమెరికాలో ఒక నబీ వచ్చాడంటే మనం ఒప్పుకోం. ఆ మాట వాళ్ళతో దాచలేదు, మర్యాదగానే చెప్పాను. తెలుగబ్బాయి తల ఊపుతూ పూర్తిగా విన్నాడు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"మరి మీరు నాకేం చెప్పరా?" అన్నాను.

"ఈ రాత్రి చెప్పడానికి రాలేదంకుల్. వాన తగ్గితే వెళ్ళిపోదామని వచ్చాం" అన్నాడు.

బీబీ దస్తర్‌ఖాన్ పరిచింది. ఖిచిడీ, ఖట్టా, ఆమ్లెట్. కోయంబత్తూరు అబ్బాయి తెలుగు నేర్చుకుంటున్నాడట, జేబులో చిన్న నోటు పుస్తకం. 'ఖట్టా' తెలుగు మాటే అనుకుని రాసుకున్నాడు. మేం దిద్దలేదు. మా వీధిలో అది తెలుగే మరి.

తింటూ ఉండగా బీబీ అడిగింది, "ఇంట్లో అమ్మీ అబ్బా బాగున్నారా బేటా?" అని. హైదరాబాద్ అబ్బాయి చెయ్యి ఆగింది.

వాళ్ళమ్మ ఆ సంఘంలో ఉంది. నాన్న లేడు, అంటే ఆ సంఘంలో లేడు. కొడుకు డిగ్రీ మధ్యలో ఆపి రెండేళ్ళు పోవడం ఆయనకి ఇష్టం లేదు. పద్నాలుగు నెలలైంది. ఇదివరకైతే ఈ పిల్లలు ఏడాదికి రెండుసార్లే ఇంటికి మాట్లాడేవాళ్ళట, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడొచ్చన్నారు. "ప్రతి సోమవారం చేస్తానాంటీ. అమ్మ వీడియోలో మాట్లాడుతుంది. నాన్న వెనకాల సోఫాలో ఉంటాడు. కాళ్ళు కనబడతాయి. 'నాన్నా' అంటే కాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోతాయి."

నవ్వుతూనే చెప్పాడు. మా అబ్బాయి నవ్వులాంటి నవ్వే. బీబీ నా వైపు చూడలేదు. చూసినా ఏమీ అనేది కాదేమో. నేను లేచి, చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళి వాన చూస్తూ నిలబడ్డాను.

ఎనిమిదింటికి వాన తెరిపిచ్చింది. తొమ్మిది లోపల విశాఖ చేరడం అసాధ్యం. అరవై కిలోమీటర్లు, రైలు అనకాపల్లి, దువ్వాడ దాటి వెళ్ళాలి. వాళ్ళ పైవాళ్ళకి ఫోను చేసి ఆలస్యం సంగతి చెప్పుకున్నారు. నా గొడుగు ఇచ్చి స్టేషను దాకా దిగబెట్టి వచ్చాను.

శుక్రవారం జుమా. ఖుత్బాకి ముందు కూర్చుని ఉండగా నాకు తాయిఫ్ గుర్తొచ్చింది. మన పిల్లలందరికీ చెప్పే ఖిస్సానే. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం దావత్ ఇవ్వడానికి తాయిఫ్ వెళ్తే ఊరి పెద్దలు మొహం తిప్పుకున్నారు, అల్లరి పిల్లల్ని ఉసిగొల్పారు. రాళ్ళ దెబ్బలకి చెప్పుల్లోకి రక్తం కారింది. ఇంతవరకూ మనం ఎప్పుడూ చెబుతాం. తర్వాతది తొందరగా దాటేస్తాం. గాయాలతో ఒక ద్రాక్షతోటలో కూర్చుంటే, ఒక గులాం పళ్ళెంలో ద్రాక్షపళ్ళు తెచ్చి ముందు పెట్టాడు. అతని పేరు అద్దాస్, నీనెవా వాడు, క్రైస్తవుడు. ఊరంతా తలుపులు వేసిన రోజున మన నబీకి పళ్ళెం అందించిన చెయ్యి అది. మంగళవారం నా చెయ్యి ఏం చేసిందో మీకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. గొడుగు తిరిగిచ్చారు. ఎదురింటాయన చర్చికి రాలేడు కాబట్టి వాళ్ళ ఇబాదత్ ఆయన దగ్గరికే తెచ్చారట. రొట్టె ముక్క, చిన్న కప్పులో నీళ్ళు. ద్రాక్షరసం బదులు వాళ్ళు నీళ్ళే వాడతారు. మా వసారాలోంచి ఆ మేడగది కిటికీ కనిపిస్తుంది. కాలికి కట్టుతో ఆయన మంచం మీద, వీళ్ళిద్దరూ తలలు వంచి. అది అయ్యాక ఒకడు ఆయన గిన్నెలు తోమాడు, ఒకడు గది ఊడ్చాడు. మత ప్రచారం అంటే నోటితో చేసేదనే అనుకునేవాణ్ణి. ఆ రోజు వాళ్ళ నోటి నుంచి నాకు ఒక్క మాటా వినిపించలేదు, చీపురు చప్పుడే వినిపించింది. జమాత్‌లో మా వాడి వంతు ఖిద్మత్ ఎప్పుడో, ఎంతమందికి వండుతున్నాడో, ఇంట్లో గ్లాసు కూడా కడగనివాడు.

వెళ్తూ వెళ్తూ, రేపు సెలవు కదా ఎక్కడికెళ్తారని అడిగాను. పోర్టు దగ్గర మూడు కొండలు చూడలేదు, చూస్తామన్నారు. మీలో చాలామందికి తెలుసు, విశాఖ పాత ఊళ్ళో హార్బరు మీదికి చూస్తూ మూడు కొండలుంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, రాస్ హిల్ మీద మరియమ్మ చర్చి, మూడోదాని మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా వలీ దర్గా. చిన్నప్పుడు అబ్బాజాన్ నన్ను ఆ దర్గాకి తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఓడలు చూపించేవారు. "మూడూ ఎక్కండి. దర్గా మీద నుంచి గాలి బాగుంటుంది" అన్నాను.

సోమవారం షాపులో కూర్చున్నాను గానీ లెక్కలు కుదరలేదు. ఈ రోజు ఆ అబ్బాయి ఇంటికి ఫోను చేసే రోజు. ఎక్కడో హైదరాబాద్‌లో ఒక సోఫా, రెండు కాళ్ళు. ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలీదు. ఆయన బాధ మాత్రం బాగా తెలుసు. కొడుకు చెడిపోతే తిట్టొచ్చు, కొట్టొచ్చు. మంచి పని పేరుతో మన మాట కాదని వెళ్తే ఏమనాలి? అనడానికి మాట దొరకదు, అందుకే మాట్లాడటం మానేస్తాం. దానికి ఉసూల్ అని పేరు పెట్టుకుంటాం. నాది మాత్రం ఉసూల్ కాదు, జిద్. నాకే అర్థమైంది.

ఇషా తర్వాత బీబీ ఫోను కోసం ఎదురుచూడలేదు నేను. నా ఫోను తీసి నేనే చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"అబ్బా?"

మాట రాలేదు. వాడూ ఊరుకున్నాడు. చివరికి "అన్నం తిన్నావా?" అన్నాను.

"తిన్నానబ్బా. ఈ రోజు వంట నాదే. పప్పులో ఉప్పెక్కువైంది. అమీర్ సాబ్ ఏమీ అనకుండా తినేశారు."

"అక్కడ వాన ఉందా?"

"లేదబ్బా." కాసేపాగి, "రేపు గష్త్‌లో నన్ను ముతకల్లిమ్‌గా పెట్టారు. భయంగా ఉంది. తలుపు వేసేస్తారేమోనని."

నాకు తెలిసింది చెప్పాను. సలాం చెప్పి గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడు, లోపల ఆడవాళ్ళుంటారు. మూడుసార్లు అడుగు, జవాబు రాకపోతే తిరిగి వచ్చెయ్, అదే సున్నత్. వేసేస్తే వేసెయ్యనీ, ఆ ఇంటికి దుఆ చెయ్. "తలుపు వేసేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కారు బేటా. మొన్న నేనూ ఒకటి వేశాను" అని ఆ సంగతంతా చెప్పాను. వాడు చాలాసేపు విన్నాడు. "మరి వాళ్ళు మళ్ళీ వచ్చారా అబ్బా?" అన్నాడు. వచ్చారన్నాను.

ఇంటర్వ్యూ గురించి నా అభిప్రాయం మారలేదు. అది వదులుకోవడం పొరపాటేనని ఇప్పటికీ అంటాను, వాడితో కూడా అన్నాను. కానీ ఆ మాట వాడితో మాట్లాడుతూ అనాలి, మాట్లాడటం మానేసి కాదు.

రెండు వారాల తర్వాత కోయంబత్తూరు అబ్బాయి కొత్త జోడీతో వచ్చాడు. హైదరాబాద్ అబ్బాయికి బదిలీ అయిందట. వాళ్ళ నాన్న మాట్లాడాడా అని అడిగింది బీబీ. ఇతనికి తెలీదు. ఆ రాత్రి నుంచి ఆమె దుఆలో ఆ పిల్లవాడు కూడా చేరాడు. పేరు తెలీదు కదా, "వో ఎల్డర్ బచ్చా" అంటుంది. అల్లాహ్‌కి తెలుసు ఎవరో.

నలభయ్యో రోజు దాటాక ఒక తెల్లవారుజామున, ఫజర్‌కి వజూ చేసుకుంటుంటే బెల్లు మోగింది. బయటి నుంచి సలాం వినిపించింది. కిటికీలోంచి చూస్తే గుమ్మం ఎదురుగా ఎవరూ లేరు. భుజాన బిస్తర్‌తో మా వాడు, నేను చెప్పినట్టే పక్కకి జరిగి నిలబడి ఉన్నాడు.

"వఅలైకుం అస్సలాం" అంటూ తడి చేతులతోనే వెళ్ళి తలుపు తీశాను.